ముప్పై రెండు సార్లు షిప్ లేట్

అండమాన్‌లో ఏ పని ఆగిపోయినా కారణం తవ్వి అడిగేవాళ్ళు ఉండరు. షిప్ రాలేదంటే చాలు. సిమెంటు రాలేదన్నా, పైపులు రాలేదన్నా, ఆఖరికి పెళ్ళికూతురి పట్టుచీర రాలేదన్నా, విన్నవాడు అయ్యో అని తన పని తాను చూసుకుంటాడు. ఇంతమంది ఇన్నేళ్ళుగా తిడుతున్నా ఆ షిప్ మాత్రం తన తీరిక చూసుకునే వస్తుంది. కమలాకుమారి పుట్టి పెరిగింది పోర్ట్‌బ్లెయిర్ పక్కన ప్రోతరాపూర్‌లోనే కాబట్టి ఈ సంగతి ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. అదే కొంప ముంచింది. ముంచబోయింది ఆమె కొంప కూడా కాదు, తుష్నాబాద్‌లో ఎరుకమ్మ అనే ముసలావిడది.

కమల పనిచేసేది డెలానీపూర్‌లో, రోడ్ల పనులు చూసే ఒక సర్కారీ ఆఫీసులో. ప్లానింగ్ అసిస్టెంట్. ఏ రోడ్డు ఎప్పుడు మొదలవ్వాలి, ఎవరు చెయ్యాలి, ఎక్కడ ఆగింది అన్నవన్నీ అక్కడ కంప్యూటర్‌లో, ఒక ప్లానింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉంటాయి. అందులో ప్రతి పనికీ ఒక ఓనరు ఉంటాడు. మిగతావాళ్ళు చూడొచ్చు, జరిగిన పని ఎక్కించొచ్చు. పనిని ఆపే తాళం మాత్రం, దాన్నే హోల్డ్ అంటారు, వెయ్యాలన్నా తియ్యాలన్నా ఓనరు ఒక్కడికే అధికారం. వేసిన హోల్డ్ మూడు నెలలు ఉంటుంది. గడువు దాటేలోపు ఓనరే మళ్ళీ వెయ్యాలి. వెయ్యకపోతే పని దానంతటదే లేచి కూర్చుని కాంట్రాక్టరు ఫోనుకి కబురు పంపేస్తుంది.

ఎనిమిదేళ్ళుగా అన్ని పనులకీ ఓనరు వీరరాఘవయ్యగారే. ఆంధ్రా నుంచి జూనియర్ ఇంజనీరుగా వచ్చి, ఇక్కడే తల నెరిసి, ఆ ఆఫీసుకి పెద్దదిక్కయిన మనిషి. మిగతా ఇంజనీర్లకి ఓనరుగా ఉండటం సుతరామూ ఇష్టం లేదు. పేరుంటే ప్రశ్న వస్తుంది, ప్రశ్న వస్తే జవాబు రాయాలి. అందుకని ప్రతివాడూ "పెద్దాయన పేరు మీద ఉంచెయ్యండి" అని తప్పుకునేవాడు. ఆయన కాదనేవాడు కాదు. గాడిద మీద మూట పెట్టినట్టు పెడుతూ పోయారు, ఆయన మోస్తూ పోయాడు.

ఆయన బుధవారం రిటైరయ్యాడు. గురువారం సాయంత్రం వైజాగ్ షిప్. అది తప్పితే మళ్ళీ ఎప్పుడో తెలియదు కాబట్టి, మెడలో దండలు వాడకముందే సామాను కట్టుకున్నాడు. దండలు వేసిన సభ అయ్యాక ఆయన తన సీటు దగ్గరికి వెళ్ళి కంప్యూటర్ తెరిచి ఏదో చేశాడు. తర్వాత కమల బల్ల దగ్గర ఆగి, "అన్నీ ఉన్నవి ఉన్నట్టు చూసుకోమ్మా" అన్నాడు. పోయేముందు పెద్దవాళ్ళు అనే మాటే కదా అని కమల తలూపింది. ఇంకా ఏదో చెప్పబోయినట్టే ఉన్నాడు గానీ, అంతలో ఎవరో ఫొటోకి పిలిచారు.

కొత్త ఓనరు గురునాథంగారు. వేరే సెక్షన్ నుంచి వచ్చినవాడు, జాగ్రత్తపరుడు, గొడుగు లేకుండా ఎండలోకి కూడా రాడు. గురువారం మధ్యాహ్నం పనులన్నీ ఆయన పేరు మీదకి మారాయి. ఆయనకి ఈ సాఫ్ట్‌వేర్ కొత్త. పాస్‌వర్డ్ చీటీ కమల చేతికిచ్చి, "నువ్వే నొక్కు కమలా, నేను చూస్తూ ఉంటాను" అని కుర్చీ జరిపాడు. ఆఫీసర్ల పాస్‌వర్డులు అసిస్టెంట్ల దగ్గర ఉండటం ఆ ఆఫీసులో తప్పు కాదు, మర్యాద.

పేరు మారగానే తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. పాత ఓనరు వేసిన హోల్డులు నలభై ఒకటి ఉన్నాయి, ఉంచాలా, తియ్యాలా?

కమల జాబితా తెరిచింది. నలభై ఒక్కదానికీ ఎదురుగా ఒకటే కారణం. షిప్ లేట్.

"షిప్పులు వచ్చి వారమైంది కదా సార్. సిమెంటు, పైపులు అన్నీ స్టోర్‌కి చేరాయి."

"అయితే ఎందుకింకా? సాఫ్ కరో" అన్నాడు గురునాథం.

కమల ఒక్క నొక్కు నొక్కింది. నలభై ఒక్క ఎర్రచుక్కలూ ఒకేసారి పచ్చబడ్డాయి. ఇల్లు ఊడ్చి చెత్త బయట పారబోసినంత తృప్తి కలిగింది ఆమెకి. అదే సాయంత్రం వీరరాఘవయ్యగారి షిప్ రేవు దాటింది.

శుక్రవారం పదకొండింటికి అసిరయ్య వచ్చాడు. రోడ్డు కూలీల ముఠాని నడిపించే మేట్. శ్రీకాకుళం వాళ్ళు. తాత ఎప్పుడో అడవి కొట్టడానికి వచ్చాడు, మనవడి నోట్లో మాట మాత్రం ఇంకా ఆ ఒడ్డుదే. ఎప్పుడూ గుమ్మంలోనే నిలబడి మాట్లాడేవాడు, ఆ రోజు లోపలికి వచ్చేశాడు.

"దీదీ, తుష్నాబాద్ లింకు రోడ్డు పని సోమారం మొదలెట్టమని కాంట్రాక్టర్‌కి ఫోనులో ఒచ్చిందంట. తవ్వే మిషన్ తెత్తన్నారు. ఎరుకమ్మ ఇంటి అరుగు మీదుగా సున్నం గీత గీసేసినారు. పొరపాటు గానీ అయినాదేటి?"

"ఏం పొరపాటు భయ్యా? ప్లానులో ఉన్నట్టే గీసి ఉంటారు."

"ప్లానులో ఉంటే ఉండనీ. ఆ ఇంటి జోలికి ఎల్లనని పెద్ద సాబ్ మాటిచ్చినాడు గదా. ఈ ఎనిమిదేళ్ళూ ఆ పని అందుకే ఆగినాది. మా ముఠాలో అందరికీ ఎరికే."

ముఠాలో అందరికీ తెలిసిన సంగతి ఆఫీసులో ఒక్కరికీ తెలియదు. కమల ఆ పని పాత రికార్డు తెరిచింది. తుష్నాబాద్ లింకు రోడ్డు వెడల్పు, రెండో భాగం. మూడు నెలలకోసారి, గడువుకి ఒకటి రెండు రోజుల ముందు, తప్పకుండా ఒక హోల్డ్. షిప్ లేట్, షిప్ లేట్, షిప్ లేట్. లెక్కపెట్టింది. ముప్పై రెండు. ఆఖరిది బుధవారం సాయంత్రం నాలుగూ యాభైకి. మెడలో దండతో ఆయన కంప్యూటర్ తెరిచింది అందుకన్నమాట.

ఆయన మాటని దాచుకున్న చోటు చూసి ఆమెకి ముందు జాలి వేసింది, వెంటనే ఒళ్ళు మండింది. ఈ దీవుల్లో ఎవడూ రెండోసారి చూడని కారణం అదొక్కటే కాబట్టి, అసలు షిప్పుల మధ్య ఈ దొంగ షిప్‌ని కూడా నిలబెట్టి వెళ్ళాడు. ముప్పై రెండుసార్లు అబద్ధం రాసే బదులు ఒక్కసారి నిజం రాస్తే ఏం పోయేది? పోనీ, వెళ్ళేముందు చెవిలో ఒక్కమాట వేస్తే ఏం పోయేది?

ఫోన్ చేసింది. అందుబాటులో లేరంది. ఎలా ఉంటారు? నడిసముద్రంలో ఉన్నారు. ఆదివారం దాకా ఆయన ఈ ఒడ్డుకీ లేడు, ఆ ఒడ్డుకీ లేడు.

ఇంకో సంగతి కూడా ఆమె రికార్డులో చూసింది. హోల్డులు తీసినవారు అన్నచోట గురునాథంగారి పేరుంది. తనది లేదు. నోరు మూసుకుంటే తన దాకా రాదు. ఈ ఆలోచన వచ్చినందుకు కమల సిగ్గుపడింది. అయినా ఆ పూటంతా అది పోలేదు, ఈగలా చుట్టూ తిరుగుతూనే ఉంది.

శనివారం పొద్దున్న తుష్నాబాద్ బస్సెక్కింది.

ఎరుకమ్మ ఇల్లు రోడ్డు పక్కనే. ఒకవైపు కొండచరియ, ఒకవైపు ఈ ఇల్లు, మధ్యలో ఇరుకు దారి. చెక్కగోడలు, రేకు కప్పు, ముందు మట్టి అరుగు. ఆ అరుగు మధ్యలోంచి, గుమ్మానికి జానెడు దూరంలో, తెల్లటి సున్నపు గీత పోతోంది. ముసలావిడ గీతకి ఇవతల కూర్చుని పోకకాయలు వలుస్తోంది. డెబ్బై దాటి ఉంటుంది. కమల ఆఫీసు పేరు చెప్పగానే ముఖం విప్పారింది.

"రామ్మా, కూకో. పెద్ద బాబు పంపినాడా? నిన్న ఎవులో ఒచ్చి ఈ గీత గీసి ఎల్లిపోనారు. తుడవలేదు నాను. సర్కారు గీత గదా, మళ్ళీ ఒచ్చి ఆళ్ళే తుడుత్తారని ఒగ్గేసినాను."

ఎరుకమ్మ లోపలికి వెళ్ళి పాలు లేని లాల్ చాయ్ తెచ్చింది. గ్లాసు చేతిలో పెట్టి, అడగకుండానే చెప్పుకొచ్చింది. ఆమె కొత్త కోడలిగా షిప్ దిగింది. సర్కారు పిలిచి తెచ్చిన సెటిల్‌మెంటు కుటుంబాలకి భూమీ పట్టా రెండూ ఇచ్చారు. ఎరుకమ్మ మామ రెండేళ్ళు ఆలస్యంగా, అడవి పనికి కూలీగా వచ్చాడు. అందుకని ఆయనకి కత్తీ గొడ్డలీ ఇచ్చారు గానీ కాగితం ఇవ్వలేదు. ఈ వాలు కొట్టి చదును చేసింది ఆయనే. ఆయన పోయాక ఆయన కొడుకు, ఎరుకమ్మ భర్త గవరయ్య ఇక్కడే ఉన్నాడు. గవరయ్య పోయి పన్నెండేళ్ళు. ఈ ఇల్లు ఉన్నట్టు భూమ్మీద తెలుసు, కాగితం మీద తెలియదు.

"మరి పెద్ద సార్ మాటివ్వడమేంటి మామ్మా?"

"తొంబై నాలుగులో గదా. అప్పుడు ఇది కాలిబాట. నొప్పులొచ్చిన ఆడకూతుర్ని మంచమ్మీద మోసుకుని మెయిన్ రోడ్డుకి తీసుకెళ్ళాల. దారిలోనే పోనారు ఇద్దరు. అమ్మడని మా ఆడపడుచు ఒకర్తి. ఆ ఏడే బాబు కొత్తగా ఈ పనికొచ్చినాడు. 'కాగితాలు పెడితే పదేళ్ళు, గవరయ్యా. అప్పటికి ఇంకెందరు పోతారో. నీ పెరట్లోంచి ఎనిమిది అడుగులియ్యి, జీపు తిరుగుద్ది' అన్నాడు. ఇచ్చినాం. పోకచెట్లు కాసేవి, కొట్టేసినాం. 'మిగిల్న దానిమీద చెయ్యి పడదు, నాది మాట' అన్నాడు. పడలేదు."

ఆగి, చీరచెంగుతో చేతులు తుడుచుకుంది.

"మూడు నెల్లకోపాలి ఒత్తాడు. ఆదివారం బస్సులో. ఇక్కడే కూకుంటాడు, చాయ్ తాగుతాడు. 'అంతా బాగే గదా' అంటాడు, ఎల్లిపోతాడు. ఇంకేటీ మాటాడ్డు. మంచోడు. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటినాక బోడిమల్లయ్య అనే రకం కాదు."

ఆ మాట తగిలాక కమల ఇక ఆగలేకపోయింది. సార్ రిటైరైపోయాడని చెప్పింది. మిషన్ సోమవారం వస్తుందని చెప్పింది. తెరలూ పాస్‌వర్డులూ ఆవిడకెలా చెప్పాలో తెలియక, "నీ ఇంటికి ఆయన వేసిన తాళం ఒకటుంది మామ్మా, అది నేనే తీసేశాను" అంది. చెబుతూనే ఏడ్చేసింది.

ఎరుకమ్మ గీత వంక చూసింది. తర్వాత కమల వంక చూసింది.

"నివ్వే తీసినావా?"

"నేనే మామ్మా."

"తెలిసి తీసినావా?"

"తెలియక."

"తెలీక తీసినది, తెలిసి ఎయ్యొచ్చు గదా."

ఇందులో కోపం లేదు. చెంబు బోర్లా పడితే తిరగెయ్యమన్నట్టు అంది. వెయ్యడానికి తనకి అధికారం లేదనీ, కొత్త సార్ ఒప్పుకోవాలనీ, వేసినా ఈసారి అబద్ధం రాస్తే నిలవదనీ కమల చెప్పింది. నిజం రాయాలంటే, అప్పుడు భూమి కాగితం లేకుండా తీసుకున్నారని రాయాలి. అలా రాస్తే వీరరాఘవయ్యగారి మీద ఎంక్వయిరీ రావొచ్చు. రిటైరైనా వదలరు.

ఈసారి ముసలావిడ ముఖం మారింది.

"ఆ బాబు పేరు రాయకు. ఇల్లు పోతే పోనీ, రేకులిప్పుకుని ఎక్కడో కట్టుకుంటాను. ఆయనకి మాట రాకూడదు. ఒట్టెయ్యి."

ఇల్లు కాపాడమని అడగాల్సిన మనిషి ఇలా అంటే కమలకి దారి తోచలేదు. ఇరవై ఏళ్ళకి పైగా ఒక మాట మీద బతికిన మనిషి, ఆ మాటిచ్చినవాడి కోసం ఇల్లు వదులుకుంటానంటోంది. ఆఫీసులో అందరూ కలిసి ఒక మనిషి నెత్తిన పెట్టిన బరువులో కాస్త ఈ ముసలావిడ కూడా మోస్తోంది. పేరు రాయనని కమల చేతిలో చెయ్యి వేసింది. ఇల్లు పోనివ్వనని మాత్రం అనలేకపోయింది. తన చేతిలో లేనిదానికి మాటివ్వడానికి భయమేసింది.

ఆదివారం పొద్దున్నే డెలానీపూర్ క్వార్టర్స్‌లో గురునాథంగారింటికి వెళ్ళింది. ఆ రోజు నీళ్ళొచ్చే రోజు. ఆయన లుంగీ ఎగ్గట్టి, గొట్టం పట్టుకుని డ్రమ్ము నింపుతున్నాడు. కమల చెప్పిందంతా గొట్టం వదలకుండానే విన్నాడు. చివర్లో ఒకటే అడిగాడు.

"నొక్కింది నువ్వు. రికార్డులో ఉన్నది నేను. అంతేనా?"

"అంతే సార్."

"అరే భగవాన్" అన్నాడు. డ్రమ్ము నిండి పొర్లుతున్నా చూసుకోలేదు. కమలే వెళ్ళి కుళాయి కట్టేసింది.

ఆయన చెడ్డవాడు కాదు, భయస్థుడు. పాము చావాలి, కర్ర విరగకూడదు అనుకునే రకం. తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ ఉపాయం చెప్పాడు.

"మళ్ళీ షిప్ లేట్ అని వేసేద్దాం. ముప్పై రెండు ఉన్నాయి, ముప్పై మూడవుతుంది. మూడు నెలలు టైముంటుంది. ఈలోపు ఆయన్ని ఫోన్లో అడుగుదాం. ఆయన పరువూ ఉంటుంది, మనకీ గొడవ లేదు."

కమల ఇదే ఆలోచన నిన్న బస్సులో పదిసార్లు చేసింది. అందుకే జవాబు సిద్ధంగా ఉంది.

"సామాను స్టోర్‌లో దిగిందని మనమే ఎక్కించాం సార్. కాంట్రాక్టరు ఒక్క కాగితం పెడితే అబద్ధం బయటపడుతుంది. బయటపడకపోయినా, రేపు మీరు బదిలీ అయితే? మీ సీట్లోకి వచ్చినాయన ఈ షిప్ లేట్ చూసి నాలాగే నొక్కేస్తాడు. తప్పు నాది, సరే. కానీ ఎవరున్నా నొక్కేలాగే ఉంది అది."

"భూమి తగువు అని రాస్తే ఏమవుతుందో తెలుసా? అది మూడు నెలల హోల్డ్ కాదు. పైవాళ్ళు రాతపూర్వకంగా తేల్చేదాకా ఎవడూ తియ్యలేడు. కానీ పైకి వెళ్తుంది. ఎవరు తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారు అని తిరిగి వస్తుంది. వీరరాఘవయ్యగారి మెడకే చుట్టుకుంటుంది. ఆయన్ని అడగడానికి కూడా లేదు, సముద్రం మీదున్నాడు. అడక్కుండా ఒక మనిషి పరువు తీస్తామా?"

"అడక్కుండా ఒక మనిషి ఇల్లు తీస్తామా సార్?"

గురునాథంగారు మెట్టు మీద కూలబడ్డాడు. కమల కూడా ఎదురుగా కూర్చుంది. ఆమెకి పని నేర్పింది వీరరాఘవయ్యగారే. చేరిన కొత్తలో ఆమె తప్పులన్నీ తన పేరు మీద వేసుకున్నవాడు. ఆయనకి ఇలా చెయ్యాల్సి రావడం ఆమెకి గుండెలో ముల్లులా ఉంది. ఆ మాటే చెప్పింది కూడా.

"పేరు రాయను సార్. మామ్మకి ఒట్టేశాను. అప్పటి అధికారి అని రాస్తాను. కింద నా పేరు పెడతాను."

"నీ పేరు పెట్టాలంటే నిన్ను ఓనరు చెయ్యాలి."

"ఆ ఒక్క పనికి చెయ్యండి."

"ప్రశ్నలు నీకొస్తాయి. నేను అడ్డం ఉండలేను, ముందే చెబుతున్నా."

"రానివ్వండి."

ఆయన లేచి లోపలికి వెళ్ళి, ప్యాంటు చొక్కా వేసుకుని, ఆఫీసు తాళాలు తీసుకుని వచ్చాడు. ఇద్దరూ ఆఫీసుకి నడిచారు. కంప్యూటర్ తెరిచాక ఈసారి పాస్‌వర్డ్ చీటీ కమల చేతికివ్వలేదు. తనే ఒక్కొక్క అక్షరం వెతుక్కుని కొట్టాడు. తుష్నాబాద్ పనికి రెండో ఓనరుగా కమలాకుమారి పేరు చేర్చి, కుర్చీ లోంచి లేచాడు. "కూర్చో" అన్నాడు.

కమల తన పేరుతో లోపలికి వెళ్ళి, కారణం భూమి తగువు అని పెట్టి, కింద రాసింది. పందొమ్మిది వందల తొంభై నాలుగులో ఈ రోడ్డు కోసం గవరయ్య పెరట్లోంచి ఎనిమిది అడుగుల భూమి కాగితం లేకుండా తీసుకోవడం జరిగింది. మిగిలినదాన్ని ముట్టుకోబోమని అప్పటి అధికారి మాట ఇచ్చారు. ఆ ఇంట్లో ఇప్పుడు ఆయన భార్య ఎరుకమ్మ ఉంటోంది. ఆఫీసు ఇచ్చిన మాట ఏమిటన్నది తేలేదాకా పని ఆపాలి. ఇంతకుముందు రాసిన షిప్ లేట్ అన్న కారణం నిజం కాదు. హోల్డ్ వెయ్యమని నొక్కింది. చుక్క ఎర్రబడింది.

గురునాథం వెనకనుంచి అంతా చదివి, "నేను చూశాను అని కింద రాయి. నా పేరు కూడా పెట్టు" అన్నాడు. ఆ మనిషి దగ్గర్నుంచి అది వస్తుందని ఆమె అనుకోలేదు.

సోమవారం ఎనిమిదింటికి మిషన్ ఎరుకమ్మ ఇంటి ముందు దాకా వచ్చింది. కాంట్రాక్టరు మనిషి ఫోనులో హోల్డ్ చూసి, రెండు తిట్లు తిట్టి వెనక్కి తిప్పించాడు. అసిరయ్య అక్కడినుంచే ఫోన్ చేశాడు. "ఎల్లిపోనాది దీదీ. ముసిల్ది ఏటీ అన్లేదు. ఆ సున్నం గీత మాత్రం తడిగుడ్డతో తుడుత్తంది."

పన్నెండింటికి ఇంకో ఫోన్ వచ్చింది. వైజాగ్ నుంచి. వీరరాఘవయ్యగారి గొంతు ప్రయాణపు బడలికతో బొంగురుగా ఉంది.

"నిన్న అర్ధరాత్రికి చేరామమ్మా. ఫోన్ తెరిస్తే నీవే ఏడు కాల్స్. హోల్డులేనా?"

ఆయనే అడిగేసరికి కమల దాచలేదు. తను నొక్కింది, ఎరుకమ్మ చెప్పింది, నిన్న రాసింది, అన్నీ చెప్పింది. "మీతో చెప్పకుండా చేశాను సార్. క్షమించండి" అంది.

"ఏం రాశావో చదువు."

చదివింది.

"అప్పటి అధికారి ఏమిటి? పేరు లేదేం?"

"మామ్మ వద్దంది సార్. ఒట్టు వేయించుకుంది."

ఆయన ఊపిరి వినబడుతోంది.

"ఆ తాళం నా పేరుతోనే పోతుందని నాకు తెలుసమ్మా. రాస్తే ఉద్యోగం పోతుందని భయపడి కొన్నేళ్ళు రాయలేదు. తర్వాత, ఇన్నేళ్ళూ ఎందుకు రాయలేదని అడుగుతారని రాయలేదు. దండలు వేసిన రోజు నీతో చెబుదామని వచ్చి కూడా చెప్పలేకపోయాను. పేరు రాయి. వీరరాఘవయ్య, జూనియర్ ఇంజనీరు అని పూర్తిగా రాయి. పిలిస్తే వచ్చి చెబుతాను."

"సార్..."

"ఇంకోటి తప్పుంది. ఎనిమిది అడుగులని రాశావు. ఎనిమిది అడిగాను. తీసుకున్నది పదకొండు. లారీ తిరగాలంటే ఎనిమిది చాలదని అక్కడికి వెళ్ళాక తెలిసింది. అడిగితే కాదంటారేమోనని అడక్కుండానే కొలిచాను. టేపు రెండో చివర పట్టుకున్నది గవరయ్యే. అంకె చూశాడు, నా ముఖం చూశాడు, ఏమీ అనలేదు. వాళ్ళావిడకి కూడా చెప్పలేదన్నమాట. దిద్దు."

కమల ఎనిమిది చెరిపి పదకొండు కొట్టింది. అధికారి అన్నచోట ఆయన పేరు రాసింది. అక్షరాలు కనబడక రెండుసార్లు కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. దిద్దినదంతా మళ్ళీ చదివి వినిపించింది.

"ఇప్పుడు సరిపోయింది" అన్నాడు ఆయన. ఫోన్ పెట్టేస్తాడనుకుంది. పెట్టలేదు. "అమ్మా, ఈ ఆదివారం తుష్నాబాద్ బస్సెక్కు. పదకొండు అని ఎరుకమ్మకి చెప్పు. ముప్పై రెండుసార్లు వెళ్ళి ఆ అరుగు మీద కూర్చున్నాను, ఒక్కసారి కూడా నోరు రాలేదు."